80 ఏళ్ళ గీత దాటకముందే: హారోలో ఒక ఫ్లాట్ లీజు పొడిగింపు కేసు

ఈ కేసులోని ఫ్లాటు వాయువ్య లండన్‌లోని హారోలో ఉంది. కొన్నవారు తెలుగు దంపతులు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. 2024 అక్టోబరులో కొనుగోలు పూర్తయింది, నవంబరులో ల్యాండ్ రిజిస్ట్రీ రికార్డులో వారి పేర్లు ఎక్కాయి. ఆరు నెలలు తిరక్కముందే, 2025 ఏప్రిల్ చివర్లో, ఫ్రీహోల్డర్ (నేల, భవనం సొంతదారు) తరఫు ఏజెంటు పంపిన ఒక ఉత్తరం తీసుకుని నా దగ్గరకు వచ్చారు. లీజు పొడిగింపు పనులు ఎక్కువగా చూసే సొలిసిటర్‌ని కాబట్టి అలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు గానీ, ఈ ఉత్తరంలోని తేదీలు కొంచెం ఆగి చదవవలసినవి. క్లయింట్ల గుర్తింపు బయటపడకుండా కొన్ని వివరాలను, అంకెలను మార్చాను. చట్టం నడిచిన క్రమం, సొమ్ము లెక్క కట్టిన పద్ధతి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. ఇక్కడ చెప్పే చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లకే వర్తిస్తుంది, స్కాట్లండ్ పద్ధతి వేరు.

ఉత్తరం సారాంశం ఇది. 9,500 పౌండ్ల ప్రీమియం చెల్లిస్తే ఈరోజు నుంచి 125 సంవత్సరాలకు కొత్త లీజు రాసిస్తామని, గ్రౌండ్ రెంట్ (ఏటా ఫ్రీహోల్డర్‌కు కట్టే నేల అద్దె) పాత లీజులో ఉన్నట్టే కొనసాగుతుందని, లాయర్ ఖర్చులు అదనమని, ఈ అవకాశం 2025 జూలై 31 వరకు తెరిచి ఉంటుందని రాశారు. భాష మర్యాదగా ఉంది, అంకె చిన్నదిగా ఉంది, గడువు చాలా ఉన్నట్టు కనిపిస్తోంది. క్లయింట్లు సంతకం పెట్టేద్దామన్న ఉద్దేశంతోనే వచ్చారు. నేను వారిని అడిగింది లీజు కాపీ ఒక్కటే.

లీజు మీద తేదీ 2007 ఫిబ్రవరి. గడువు మాత్రం "2006 జూన్ 24 నుంచి 99 సంవత్సరాలు". భవనం కట్టడం పూర్తయ్యాక ఫ్లాట్లు ఒక్కొక్కటిగా అమ్ముడుపోతాయి, కానీ అన్నింటి గడువూ ఒకే రోజున మొదలయ్యేలా రాస్తారు. అందుకే లీజు మీద కనిపించే తేదీని నమ్ముకుని లెక్కవేస్తే తప్పుతుంది. ఈ ఫ్లాటు విషయంలో గడువు 2105 జూన్‌తో ముగుస్తుంది, అంటే 2025 జూన్ 24 నాటికి మిగిలిన గడువు సరిగ్గా 80 ఏళ్ళకు దిగుతుంది. ఫ్రీహోల్డర్ ఇచ్చిన అవకాశమేమో జూలై 31 దాకా ఉంది. ఆ తేదీని కావాలని అలా పెట్టారని నేను అనను. అయితే ఆ ఉత్తరాన్ని నమ్ముకుని జూలై దాకా ఉత్తరప్రత్యుత్తరాలు నడుపుతూ కూర్చుంటే నష్టపోయేది ఎవరో చెప్పడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు.

ఈ 80 ఏళ్ళ గీత ఏమిటో చెప్పేముందు, మనవారికి ఈ వ్యవస్థ ఎందుకు అంత వింతగా తోస్తుందో ఒక మాట. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాటు కొంటే సేల్ డీడ్‌లో భూమిలో అవిభాజ్య వాటా, మన మాటల్లో యూడీఎస్, ఇన్ని చదరపు గజాలని రాసి ఉంటుంది. భవనం కూలిపోయినా ఆ వాటా కొన్నవాడిదే. ఇంగ్లండ్‌లో ఫ్లాటు కొన్నవాడికి దక్కేది నిర్ణీత కాలానికి అనుభవ హక్కు మాత్రమే. నేల, గోడలు, పైకప్పు ఫ్రీహోల్డర్‌వి. గడువు తీరిన రోజున ఫ్లాటు కూడా ఆయనకే పోతుంది. ఆ సమావేశానికి క్లయింటు మామగారు కూడా వచ్చారు. తెనాలి నుంచి మనవరాలిని చూడటానికి వచ్చిన పెద్దాయన. అంతా విని, "ఏమ్మా, నాలుగు కోట్లు పోసి కొన్నామన్నారుగా, కొన్న ఇంటిని మళ్ళీ కొనమంటారేంటి వీళ్ళు?" అని కోడలిని అడిగారు. ఆమె నా వంక చూశారు. పెద్దాయన అన్నది అక్షరాలా నిజమని, మనం కొంటున్నది ఇంకొన్ని సంవత్సరాలనని చెప్పాను.

చట్టం ఈ విషయంలో ఫ్లాటు యజమానికి గట్టి హక్కే ఇచ్చింది. 1993 నాటి లీజ్‌హోల్డ్ సంస్కరణల చట్టం ప్రకారం, దీర్ఘకాలపు లీజు ఉన్న ఫ్లాటు యజమాని సెక్షన్ 42 కింద నోటీసు ఇస్తే, మిగిలిన గడువుకు మరో 90 ఏళ్ళు కలిపి, గ్రౌండ్ రెంట్ లేకుండా కొత్త లీజు రాసి ఇవ్వడం ఫ్రీహోల్డర్ బాధ్యత. చట్టం దీన్ని పెప్పర్‌కార్న్ అద్దె అంటుంది, ఆచరణలో అది సున్నా. దీనికి బదులుగా యజమాని ఒక ప్రీమియం చెల్లించాలి. ప్రీమియం లెక్కకు నోటీసు ఇచ్చిన రోజే ప్రమాణం. ఆ తర్వాత బేరం ఏడాది సాగినా, ఇళ్ళ ధరలు పెరిగినా తరిగినా, గడువు మరికొంత కరిగిపోయినా, లెక్క ఆ రోజు దగ్గరే నిలిచిపోతుంది. నోటీసు రోజున మిగిలిన గడువు 80 ఏళ్ళకు మించి ఉంటే ప్రీమియంలో "మ్యారేజ్ వాల్యూ" అనే భాగం చేరదు. 80కి గానీ అంతకంటే తక్కువకు గానీ దిగితే, పొడిగింపు వల్ల ఫ్లాటుకు పెరిగే విలువలో సగం ఫ్రీహోల్డర్‌కు ఇవ్వాలి. 2002 నాటి చట్టం గీసిన గీత ఇది.

మరి ఆరు నెలల క్రితం కొన్నవారికి ఈ హక్కు ఉందా? 2025 జనవరి 30 దాకా ఈ ప్రశ్నకు జవాబు లేదనే. ల్యాండ్ రిజిస్ట్రీలో యజమానిగా రెండేళ్ళు నమోదై ఉంటేనే నోటీసు ఇవ్వగలిగేవారు. 2024 మే 24న రాజముద్ర పొందిన లీజ్‌హోల్డ్, ఫ్రీహోల్డ్ సంస్కరణల చట్టంలో అమలుకు వచ్చిన కొద్ది భాగాల్లో ఆ రెండేళ్ళ నిబంధన రద్దు ఒకటి. అది 2025 జనవరి 31 నుంచి అమల్లో ఉంది. పాత నిబంధనే ఉండి ఉంటే మా క్లయింట్లు 2026 నవంబరు దాకా ఆగవలసి వచ్చేది. అప్పటికి మిగిలిన గడువు 78 ఏళ్ళ 7 నెలలు. ఫ్రీహోల్డర్ ఏజెంటుకు ఈ మార్పు తెలియకపోయి ఉండదు. ఉత్తరంలో మాత్రం దాని ఊసే లేదు, చెప్పవలసిన బాధ్యత కూడా వారికి లేదు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. 80 ఏళ్ళ 8 నెలల గడువు మిగిలిన ఫ్లాటును కొనేటప్పుడు, అమ్మేవారి చేతనే సెక్షన్ 42 నోటీసు ఇప్పించి, ఆ నోటీసు ప్రయోజనాన్ని ఫ్లాటుతోపాటు కొనేవారికి బదలాయించుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. రెండేళ్ళ నిబంధన ఉన్న రోజుల్లో అదే సరైన దారి. క్లయింట్ల కొనుగోలు చూసిన సంస్థ తన నివేదికలో గడువు 80 ఏళ్ళకు దగ్గరగా ఉందని, "సలహా తీసుకోవడం మంచిది" అని ఒక వాక్యం రాసి ఊరుకుంది. నివేదిక ఇరవై ఎనిమిది పేజీలు, ఆ వాక్యం ఉన్నది పంతొమ్మిదో పేజీలో. ఇల్లు కొనే హడావుడిలో ఎవరి కళ్ళు పంతొమ్మిదో పేజీ మీద ఆగుతాయి?

నేను క్లయింట్లకు మొదట చూపించింది రెండు దారుల మధ్య తేడా. ఫ్రీహోల్డర్ ఇస్తానన్న 125 ఏళ్ళలో 80 ఏళ్ళు ఇప్పటికే వారివి, కొత్తగా చేరేవి 45 మాత్రమే. 2022 జూన్ 30 నుంచి అమల్లో ఉన్న గ్రౌండ్ రెంట్ చట్టం కొత్త లీజుల్లో గ్రౌండ్ రెంట్‌ను నిషేధించినా, ఇలా ఇరుపక్షాలు కుదుర్చుకునే పొడిగింపులో పాత లీజు గడువు తీరేదాకా పాత గ్రౌండ్ రెంట్ వసూలు చేసుకోనిస్తుంది. మా లీజులో అది మొదటి 33 ఏళ్ళు సంవత్సరానికి 200, తర్వాతి 33 ఏళ్ళు 400, చివరి 33 ఏళ్ళు 800 పౌండ్లు. ఇక కట్టవలసింది 14 ఏళ్ళు 200 చొప్పున, 33 ఏళ్ళు 400 చొప్పున, 33 ఏళ్ళు 800 చొప్పున. మొత్తం 42,400 పౌండ్లు. చట్టం దారిలో వెళ్తే 90 ఏళ్ళు చేరతాయి, ఈ 42,400 మొత్తం పోతుంది. అందుచేత 9,500 అన్న అంకెను చట్టపరమైన ప్రీమియం పక్కన పెట్టి ఏది తక్కువని చూడటం తప్పు పోలిక, రెండింటిలో చేతికి వచ్చే సరుకు వేరు. ఇరుపక్షాల మధ్య కుదిరే ఒప్పందాలన్నీ చెడ్డవని నా ఉద్దేశం కాదు. అత్యవసరంగా అమ్మకం ముందుంటే, గ్రౌండ్ రెంట్ సున్నా చేసి 90 ఏళ్ళు ఇస్తే, నేనే సంతకం పెట్టమంటాను. ఇది ఆ కోవలోది కాదు.

ప్రీమియం కట్టడానికి మేం పెట్టుకున్న సర్వేయర్ (ఆస్తి విలువ కట్టే నిపుణుడు) లెక్క ఎలా వచ్చిందో కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే చాలామంది దీన్ని ఏదో మంత్రంలా భావిస్తారు. ఫ్రీహోల్డర్ పోగొట్టుకునేవి రెండు. మొదటిది గ్రౌండ్ రెంట్. ముందు ముందు రావలసిన ఆ 42,400 పౌండ్లను 6 శాతం రేటుతో ఈరోజు విలువకు దింపితే సుమారు 5,100 వచ్చింది. రెండోది గడువు తీరాక ఫ్లాటు తన చేతికి రావడం. పొడిగించిన లీజుతో ఫ్లాటు విలువ 3,40,000 పౌండ్లని సర్వేయర్ అంచనా వేశారు. ఫ్రీహోల్డ్‌గా ఉంటే దాని విలువ ఒక శాతం ఎక్కువని చూడటం వాడుక, అంటే సుమారు 3,43,400. ఎనభై ఏళ్ళ తర్వాత చేతికి వచ్చే ఆ మొత్తానికి సంవత్సరానికి 5 శాతం చొప్పున చక్రవడ్డీ తీసివేస్తూ వెనక్కి వస్తే, ఈరోజు విలువ 6,900 పౌండ్లే. ఆ 5 శాతం సర్వేయర్ ఇష్టానికి ఎంచుకున్న అంకె కాదు. స్పోర్టెల్లీ కేసులో ల్యాండ్స్ ట్రిబ్యునల్ 2006లో ఫ్లాట్లకు ఆ రేటు ఖాయం చేసింది, మరుసటి ఏడు అప్పీల్ కోర్టు దాన్ని సమర్థించింది. కొత్త లీజు కూడా తీరాక, అంటే 170 ఏళ్ళ తర్వాత, ఫ్లాటు మళ్ళీ ఫ్రీహోల్డర్‌కే వస్తుంది కాబట్టి దాని నేటి విలువ 85 పౌండ్లు తీసివేయాలి. వెరసి సుమారు 11,900.

ఇదే ఫ్లాటుకు 2026 నవంబరులో నోటీసు ఇస్తే ఏమయ్యేదో కూడా లెక్క వేయించాను. ఫ్రీహోల్డర్ నష్టం కొంచెం పెరిగి 12,600 అవుతుంది. అప్పుడు మ్యారేజ్ వాల్యూ కూడా చేరుతుంది. పొడిగింపు హక్కు లేదనుకుంటే 78 ఏళ్ళ 7 నెలల లీజు ఉన్న ఫ్లాటు ధర ఫ్రీహోల్డ్ విలువలో ఎంత శాతం ఉంటుందన్నది ఎప్పుడూ వివాదమే. సర్వేయర్లు దీన్ని రిలేటివిటీ అంటారు, దాని కోసం వాడే గ్రాఫుల మీద ట్రిబ్యునళ్ళలో ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి. 91 శాతం అనుకుంటే పొడిగింపు వల్ల పుట్టే అదనపు విలువ సుమారు 14,900, అందులో సగం 7,450. మొత్తం ప్రీమియం సుమారు 20,000 అవుతుంది. ఫ్లాటు ధరలో మార్పు లేకుండా, గీతకు ఇవతల 11,900, అవతల 20,000. మా పక్షం అత్యంత అనుకూలమైన అంకెలు వాడినా, అవతలి పక్షం తనకు అత్యంత అనుకూలమైనవి వాడినా, గీతకు ఇవతల ఉన్నంతకాలం ఆ రెండు కొసల మధ్య దూరం నాలుగు వేల పౌండ్లకు అటూ ఇటూ మాత్రమే. అందుకే ప్రీమియం బేరం కోసం తెగ ఆరాటపడే క్లయింటుకు నేను మొదట క్యాలెండరు చూపిస్తాను.

నోటీసు 2025 మే 15న అందజేశాం. జూన్ 24 దాకా సమయం ఉన్నా అంతవరకు ఆగలేదు. నోటీసులో ఏదైనా లోపం బయటపడితే గీత దాటకముందే రెండోది ఇవ్వగల వ్యవధి చేతిలో ఉండాలన్నదే కారణం. నోటీసు రాయడంలో జాగ్రత్త పడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. లీజు తేదీ, గడువు మొదలైన తేదీ రెండూ వేర్వేరుగా రాయాలి. దంపతులిద్దరూ యజమానులు కాబట్టి ఇద్దరి పేర్లూ ఉండాలి. ఫ్లాటుతోపాటు లీజులో ఇచ్చిన కార్ పార్కింగ్‌ను విడిగా పేర్కొనాలి, లేకపోతే కొత్త లీజులో అది ఉందా లేదా అన్న గొడవ వస్తుంది. ప్రతిపాదించే ప్రీమియం నిజాయితీగా లెక్కకట్టినదై ఉండాలి. పేరుకు వంద పౌండ్లు రాసి బేరం మొదలుపెడదామనుకున్న ఒక నోటీసును అప్పీల్ కోర్టు 1998లో కడోగన్ వర్సెస్ మోరిస్ కేసులో చెల్లదని తేల్చింది. మేం 9,500 రాశాం, అది సర్వేయర్ సమర్థించగలిగిన అంకె. అది ఫ్రీహోల్డర్ ఉత్తరంలోని అంకెతో సరిపోవడం యాదృచ్ఛికమేమీ కాదు. 45 ఏళ్ళకు మీరే అడిగిన మొత్తాన్ని 90 ఏళ్ళకు ఇస్తున్నామని బేరంలో చెప్పుకోవడానికి బాగుంటుందని సర్వేయరే సూచించారు.

ఈ లీజులో మూడు పక్షాలున్నాయి: ఫ్రీహోల్డర్, ఫ్లాటు యజమాని, భవనం నిర్వహించే మేనేజ్‌మెంట్ కంపెనీ. మూడో పక్షానికి కూడా నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతుంది. హడావుడిలో చాలామంది మరచిపోయేది ఇదే. ఆ కంపెనీకి ఫ్లాట్ల యజమానులే డైరెక్టర్లు, వారిలో ఒకాయన క్లయింట్ల పై అంతస్తులోనే ఉంటారు. అయినా నోటీసును ఆయన చేతికి ఇచ్చి సరిపెట్టుకోకుండా కంపెనీ రిజిస్టర్డ్ చిరునామాకు పంపాం.

నోటీసు అందిన వెంటనే ఫ్రీహోల్డ్ టైటిల్ మీద ల్యాండ్ రిజిస్ట్రీలో యూనిలేటరల్ నోటీసు (అవతలివారి సమ్మతి లేకుండానే మన హక్కును రికార్డులో ఎక్కించడం) నమోదు చేయించాం. ఇది నమోదు చేయకపోతే, ఫ్రీహోల్డ్ చేతులు మారినప్పుడు కొత్త యజమానిని మా నోటీసు కట్టిపడేయదు. ఫ్లాటులో నివాసం ఉన్నంత మాత్రాన ఆ రక్షణ దొరకదు. ఖర్చు స్వల్పం, పని ఒక పూటది. ఆగస్టులో ఫ్రీహోల్డ్‌ను అదే గ్రూపులోని మరొక కంపెనీకి బదలాయించారు. సెప్టెంబరులో కొత్త కంపెనీ లాయర్లు, తమకు ఏ నోటీసూ అందలేదని, కావాలంటే తాజాగా నోటీసు ఇచ్చుకోవచ్చని రాశారు. తాజాగా ఇస్తే గడువు 80 కంటే తక్కువ, మ్యారేజ్ వాల్యూ చేరుతుంది. మేం వాదన పెట్టుకోలేదు. వారి క్లయింటు టైటిల్ రిజిస్టరు ప్రతిలో మా నోటీసు నమోదైన పంక్తి కింద గీత గీసి, ఒక్క పేజీ పంపాం. వారు ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

ఈలోగా జరిగిన మామూలు క్రమం క్లుప్తంగా చెబుతాను. నోటీసులో రాసిన ప్రీమియంలో 10 శాతం, అంటే 950 పౌండ్లు, డిపాజిట్‌గా అడిగారు. పద్నాలుగు రోజుల్లో కట్టాలి, కట్టాం. వారి సర్వేయర్ వచ్చి ఫ్లాటు చూసి వెళ్ళారు. నోటీసులో మేమిచ్చిన గడువు జూలై 25, వారి కౌంటర్ నోటీసు, అంటే మా నోటీసుకు జవాబు, జూలై 21న అందింది. హక్కును ఒప్పుకున్నారు, ప్రీమియం 17,500 అడిగారు. కౌంటర్ నోటీసులోని మొదటి అంకె చూసి గుండెలు బాదుకోనక్కర్లేదని క్లయింట్లకు ముందే చెప్పి ఉంచాను. ఆ అంకెను లెక్కలతో నిలబెట్టమని అడిగినప్పుడు వారి సర్వేయర్ స్వయంగా 13,800కు దిగారు: ఫ్లాటు విలువ 3,65,000, గ్రౌండ్ రెంట్‌కు 5 శాతం రేటు అన్న లెక్కతో.

ప్రీమియం కంటే నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది కౌంటర్ నోటీసుకు జతచేసిన లీజు ముసాయిదా. ఫ్లాటును అద్దెకిస్తే ప్రతిసారీ ఫీజు, పెంపుడు జంతువు ఉంటే అనుమతికి ఫీజు, ఫ్లాటు అమ్మినప్పుడు సర్టిఫికెట్‌కు ఫీజు: పాత లీజులో లేని మూడు క్లాజులు అందులో నిశ్శబ్దంగా చేర్చారు. కొత్త లీజు పాత లీజు షరతుల మీదే ఉండాలన్నది సెక్షన్ 57 సూత్రం. పాత లీజులోని లోపాన్ని సవరించడం వంటి కొన్ని కారణాలకు తప్ప మార్పులు కుదరవు, ఫ్రీహోల్డర్‌కు ఆదాయం పెంచడం ఆ కారణాల్లో లేదు. మూడింటినీ కొట్టేశాం. నిజమైన లోపం మాత్రం ఒకటి దొరికింది. లీజులో రాసినది పార్కింగ్ స్థలం 14, ప్లానులో ఎర్ర గీత చుట్టి ఉన్నది 12 చుట్టూ. పద్దెనిమిదేళ్ళుగా ఇద్దరు పొరుగువారు ఒకరి చోట ఒకరు కారు నిలుపుకుంటూ వస్తున్నారు, ఎవరికీ తెలియదు. ఎవరు ఎక్కడ నిలుపుతున్నారో చూసి, రెండో ఇంటివారితో మాట్లాడి, కొత్త లీజులో ప్లాను సరిచేయించాం. ఇలాంటిది ఫ్లాటు అమ్మేటప్పుడు బయటపడితే కొనేవారి లాయరు దాని మీదే ఆరు వారాలు తినేసేవారు.

కౌంటర్ నోటీసు అందాక రెండు నెలలు బేరానికి. అది ముగిశాక, కౌంటర్ నోటీసు రోజుతో మొదలయ్యే ఆరు నెలల్లోపు, ఇలాంటి వివాదాలు తేల్చే ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయాలి. మా విషయంలో ఆ చివరి రోజు 2026 జనవరి 20. "రోజుతో మొదలయ్యే" అని చట్టం అన్నప్పుడు ఆ రోజు కూడా లెక్కలోకి వస్తుంది, జనవరి 21 అనుకుంటే పుట్టి మునిగినట్టే. ఆ గడువు తప్పితే నోటీసును వెనక్కి తీసుకున్నట్టు చట్టం భావిస్తుంది, మే 15 నాటి లెక్క పోతుంది. బేరం బాగానే నడుస్తున్నా అక్టోబరులోనే దరఖాస్తు వేశాం. దీన్ని కొందరు క్లయింట్లు యుద్ధ ప్రకటనగా భావించి వెనకాడతారు. నిజానికి ట్రిబ్యునల్‌లో విచారణ దాకా వెళ్ళే కేసులు తక్కువ, దరఖాస్తు ముఖ్యంగా గడువును కాపాడుకోవడానికే.

ఆ అక్టోబరులోనే క్లయింట్లకు మరో అనుమానం వచ్చింది. 2024 చట్టం పూర్తిగా అమలైతే పొడిగింపు 990 ఏళ్ళవుతుంది, మ్యారేజ్ వాల్యూ రద్దవుతుంది. ఫ్రీహోల్డర్లు ఆ చట్టాన్ని సవాలు చేస్తూ వేసిన కేసును హైకోర్టు ఆ నెలలోనే కొట్టివేసింది. "అయితే ఆగుదామా?" అని ఫోన్ చేశారు. చట్టం పుస్తకంలో ఉన్నా, ఆ భాగాలు అమల్లోకి రావాలంటే ప్రభుత్వం లెక్కకు వాడవలసిన రేట్లను వేరే నిబంధనల ద్వారా ప్రకటించాలి, అప్పటికి అది జరగలేదు. పైగా మా లెక్కలో మ్యారేజ్ వాల్యూ ఎలాగూ లేదు, కాబట్టి ఆ రద్దు వల్ల వీరికి కలిసివచ్చేదేమీ లేదు. 170 ఏళ్ళ లీజుకు, 1,070 ఏళ్ళ లీజుకు మధ్య తేడాను ఫ్లాటు కొనేవారెవరూ ధరలో చూపించరు. కొనసాగించాం.

నవంబరు చివర్లో 12,050 పౌండ్లకు ఒప్పందం కుదిరింది. ఫ్రీహోల్డర్ చట్టబద్ధమైన ఖర్చులు కూడా యజమానే భరించాలి, అయితే హక్కును పరిశీలించడానికి, వాల్యుయేషన్‌కు, లీజు రాయడానికి అయిన సమంజసమైన ఖర్చులే. ప్రీమియం బేరానికి, ట్రిబ్యునల్ పనికి వారి లాయర్లు వెచ్చించిన గంటలు ఇందులోకి రావు. 3,400 పౌండ్లు, దానిపై వ్యాట్ అని బిల్లు పంపారు. గంటల పట్టిక అడిగాక 2,350కి వచ్చింది.

ప్రీమియం కుదరగానే ఫైలు పక్కన పెట్టేయడం ప్రమాదం. ఒప్పందం కుదిరిన రెండు నెలల్లో లీజు పూర్తికాకపోతే, ఆ తర్వాతి రెండు నెలల్లో కౌంటీ కోర్టుకు వెళ్ళాలి, లేకపోతే అన్నీ కుదిరాక కూడా నోటీసు రద్దయినట్టే. మాకు ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. భర్త ప్రాజెక్టు పని మీద హైదరాబాద్ వెళ్ళారు. లీజు ఒక డీడ్ కాబట్టి సంతకం సాక్షి ఎదుట జరగాలి. "వంద రూపాయల స్టాంపు కాగితం కొనాలా అండీ, నోటరీ దగ్గరకు వెళ్ళాలా?" అని వాట్సాప్‌లో అడిగారు. రెండూ అక్కర్లేదు. సాక్షి పక్కనే నిలబడి సంతకాన్ని కళ్ళారా చూడాలి, తన పేరు, చిరునామా, వృత్తి రాయాలి. వీడియో కాల్‌లో చూసిన సాక్షి చెల్లరు, ఇదే డీడ్‌లో పక్షమైన భార్య కూడా చెల్లరు. గచ్చిబౌలిలో ఆయన ఆఫీసు సహోద్యోగి సాక్షిగా సంతకం చేసి, అసలు పత్రాన్ని కొరియర్‌లో పంపారు. ఫ్లాటు మీద లోను ఇచ్చిన బ్యాంకుకు ముందే తెలియజేసి, తాకట్టు కొత్త లీజుకు మారేలా కాగితాలు సిద్ధం చేయించాం. డిసెంబరు రెండో వారంలో లీజు పూర్తయింది.

స్టాంప్ డ్యూటీ గురించి మనవాళ్ళు తప్పక అడుగుతారు. పొడిగింపు అంటే చట్టం దృష్టిలో పాత లీజు వదిలి కొత్తది తీసుకోవడమే, కాబట్టి ప్రీమియం మీద స్టాంప్ డ్యూటీ ప్రశ్న వస్తుంది. ప్రీమియం 40,000 పౌండ్ల లోపే కాబట్టి, గ్రౌండ్ రెంట్ కూడా లేదు కాబట్టి, ఇక్కడ రిటర్ను దాఖలు చేసే పని కూడా లేకపోయింది. 40,000 చేరితే మాత్రం సంగతి వేరు. ఒకటికి మించి ఇళ్ళున్నవారికి అదనపు రేటు, యూకే వదిలి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో స్థిరపడినవారికి నాన్-రెసిడెంట్ సర్‌ఛార్జ్ 2 శాతం ఎదురుకావచ్చు. అరవై, డెబ్బై ఏళ్ళ గడువు మిగిలిన లండన్ ఫ్లాట్లలో ప్రీమియం ఆ మొత్తాన్ని చేరడం వింతేమీ కాదు. అద్దెకిచ్చి ఇండియా వెళ్ళిపోయినవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఆ భవనంలో పద్దెనిమిది ఫ్లాట్లు, అన్నింటి లీజులూ 2006 జూన్ 24 నుంచే. జూన్‌కు ముందే, మా క్లయింట్ల అనుమతితో, పొరుగువారికి ఆ తేదీ గురించి ఒక పేజీ నోట్ రాసిచ్చాను, మేనేజ్‌మెంట్ కంపెనీ డైరెక్టరు దాన్ని అందరికీ పంచారు. నలుగురు వెంటనే స్పందించి గీతకు ఇవతలే నోటీసులిచ్చారు. ఇద్దరు ఈ మధ్య వచ్చారు, ఇప్పుడు వారి గడువు 80 కంటే తక్కువ. వారిలో ఒకాయన ఆ ఫ్లాటులోనే ఉండిపోదలచారు, లోను కూడా తీరిపోయింది, ఆయనను మ్యారేజ్ వాల్యూ రద్దు అమలయ్యేదాకా ఆగమన్నాను. ఏడాదికి గడువు కరిగే నష్టం కంటే ఆయనకు మిగిలేది ఎక్కువ. రెండో ఆమె వచ్చే వేసవిలో అమ్మాలనుకుంటున్నారు, ఆమెకు ఆగే వెసులుబాటు లేదు. ఇప్పుడే నోటీసు ఇచ్చి, అమ్మకం ఒప్పందంతోపాటు ఆ నోటీసు ప్రయోజనాన్ని కొనేవారికి రాసివ్వాలని నిర్ణయించుకున్నారు. సర్వేయర్ వచ్చే వారం ఆమె ఫ్లాటు చూస్తారు.